మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ ట్రైనీకి మొదటి కుర్చీ సపోర్ట్ డెస్క్ దగ్గరే వేయాలి

ఒకపక్క మెడికల్ ఇన్ఫర్మాటిక్స్, అంటే వైద్య సమాచారాన్ని కంప్యూటర్లతో నడిపే చదువులో డిగ్రీ, ఇంకోపక్క అదే సమయంలో కంపెనీలో ట్రైనింగ్. ఈ దారిలో చేరినవాళ్లు మొదటిరోజే అడిగే ప్రశ్న ఒకటుంది: "నన్ను ఏ టీములో వేస్తున్నారు?" డెవలప్‌మెంట్ అంటే మొహం వెలిగిపోతుంది. సపోర్ట్ అంటే, అందులోనూ సిస్టంల మధ్య మెసేజ్‌లు సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసే ఇంటర్‌ఫేస్ సపోర్ట్ అంటే, డిగ్రీ చదువుతూ ఫోన్లు ఎత్తడమేంటని నీరుగారిపోతారు. నా వాదన దీనికి తలకిందులు. మొదటి విడత ట్రైనింగ్ ఇంటర్‌ఫేస్ సపోర్ట్‌లో జరగకపోతే ఆ తర్వాత చదివే చదువంతా నేల విడిచి సామే. కోడ్ రాయడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు. ఆసుపత్రి డేటా ఎక్కడ, ఎలా, ఎందుకు చెడిపోతుందో కళ్లారా చూడాలంటే మాత్రం ఆ కుర్చీలో కూర్చోవాల్సిందే.

ఈ చదువు నిన్నమొన్నటిది కాదు. జర్మనీలో హైడెల్‌బర్గ్, హైల్‌బ్రాన్ విద్యాసంస్థలు కలిసి 1972లోనే దీన్ని ప్రత్యేక డిగ్రీగా మొదలుపెట్టాయి. కంపెనీ జీతమిస్తూ చదివించే ద్వంద్వ విధానం బాగా వేళ్లూనుకున్నదీ ఆ దేశంలోనే: సుమారు మూడు నెలలు క్లాసు, మూడు నెలలు కంపెనీ, మళ్లీ క్లాసు. ఇప్పుడు ఇదే పద్ధతి రకరకాల పేర్లతో, రకరకాల పాళ్లలో చాలాచోట్ల నడుస్తోంది. కంపెనీ అంటే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ చేసేది కావచ్చు, ల్యాబ్ యంత్రాలు అమ్మేది కావచ్చు, స్కాన్ బొమ్మలు దాచే సిస్టం పెట్టేది కావచ్చు, పెద్ద ఆసుపత్రి సొంత ఐటీ విభాగమే కావచ్చు. ఎక్కడికెళ్లినా ఇంటర్‌ఫేస్ అనే మూల ఒకటి ఉంటుంది. ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకు మెసేజ్‌లు వెళ్లే చోటది. తప్పు ఎక్కడ పుట్టినా తేలేది అక్కడే.

ఒక మెసేజ్‌ని దగ్గరగా చూద్దాం. ల్యాబ్ నుంచి వార్డుకు పొటాషియం ఫలితం వెళ్తోంది. చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఇది హెచ్‌ఎల్‌7 వెర్షన్ 2 అనే మెసేజ్ ప్రమాణం రూపంలోనే వెళ్తుంది. పీఐడీ లైనులో రోగి వివరాలు, ఓబీఆర్ లైనులో పరీక్ష ఆర్డరు, ఓబీఎక్స్ లైనులో ఫలితం ఉంటాయి. ఓబీఎక్స్‌లో గళ్ల మధ్య నిలువు గీతలు. రెండో గడి విలువ ఏ రకమో చెబుతుంది. అంకె అయితే 'ఎన్‌ఎం'. మూడో గడి ఏ పరీక్షో చెప్పే కోడ్. పరీక్షలకి ఉమ్మడి కోడ్‌లిచ్చే లాయింక్ జాబితాలో సీరం లేదా ప్లాస్మా పొటాషియంకు కోడ్ 2823-3. ఐదో గడిలో విలువ: 6.8. ఆరులో యూనిట్: లీటరుకు మిల్లీమోల్. ఏడులో ఆ ల్యాబ్ వాడే మామూలు పరిధి, 3.5 నుంచి 5.1 అనుకుందాం. ఎనిమిదిలో హెచ్చుతగ్గుల గుర్తు. పదకొండులో ఫలితం స్థితి. 'ఎఫ్' అంటే తుది ఫలితం.

పొటాషియం 6.8 అంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నట్టు. వార్డు స్క్రీన్ మీద ఎర్రగా వెలుగుతుంది. కాసేపటికి ల్యాబ్‌లో ఎవరో గమనిస్తారు, శాంపిల్ హీమోలైజ్ అయిందని. రక్తం తీసేటప్పుడో, ట్యూబును గట్టిగా కుదిపినప్పుడో ఎర్రకణాలు పగిలి లోపలి పొటాషియం బయటికొచ్చింది. ఒంట్లో పొటాషియం దాదాపుగా కణాల లోపలే ఉంటుంది కాబట్టి కొన్ని కణాలు పగిలినా అంకె ఎగబాకుతుంది. ల్యాబ్ వెంటనే దిద్దుబాటు పంపుతుంది. పదకొండో గడిలో 'ఎఫ్' బదులు 'సి', అంటే సరిదిద్దిన ఫలితం. ఐదో గడిలో అంకె బదులు "హీమోలైజ్ అయింది, మళ్లీ శాంపిల్ పంపండి" అన్న మాట. కాబట్టి రెండో గడిలో ఎన్‌ఎం పోయి 'ఎస్‌టీ', అంటే అక్షరాలు.

వార్డు సిస్టం డేటాబేస్‌లో ఆ కాలమ్‌ని ఎప్పుడో ఎవరో అంకెల కాలమ్‌గా పెట్టేశారు. అక్షరాలు వచ్చేసరికి అది మింగలేక 'ఏఈ' అని జవాబిస్తుంది, తప్పు వచ్చిందని. మెసేజ్‌లు పంపే ప్రోగ్రాంని, అంటే ఇంజిన్‌ని, చాలాచోట్ల 'ఏఏ' అనే అంగీకారం వచ్చేదాకా కదలకుండా సెట్ చేస్తారు. అది అదే మెసేజ్‌ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. వరస తప్పితే దిద్దుబాటు ముందు, అసలు ఫలితం తర్వాత వచ్చే ప్రమాదం ఉంది కనుక వెనక ఉన్నవన్నీ క్యూలో ఆగిపోతాయి. కాసేపట్లో ఏ రోగి ఫలితమూ ఏ వార్డుకూ చేరని పరిస్థితి. ఫోన్లు మొదలవుతాయి. డ్యూటీలో ఉన్న మనిషి అడ్డం పడ్డ ఆ ఒక్క మెసేజ్‌ని పక్కకు తోసి క్యూని కదిలిస్తాడు. ఫలితాలు ధారగా వచ్చేస్తాయి. అందరూ ఊపిరి పీల్చుకుంటారు, టికెట్ (సమస్య నమోదు) మూసేస్తారు. ఒక్క రోగి స్క్రీన్ మీద మాత్రం 6.8 ఎర్రగా అలాగే ఉండిపోతుంది.

ఆ అంకెని నమ్మి పొటాషియం దించడానికి ఇన్సులిన్, గ్లూకోజ్ ఎక్కిస్తే? మామూలుగా ఉన్న పొటాషియం కిందికి పడుతుంది, రక్తంలో చక్కెర కూడా పడిపోవచ్చు. అనుభవమున్న డాక్టరు ఈసీజీ చూస్తాడు, మళ్లీ రక్తం పంపిస్తాడు, నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ దాచిన దిద్దుబాటుని డాక్టరు అనుమానం కాపాడుతుందిలే అనుకోవడం మన వృత్తికి తగదు.

ఇదే సమస్య డెవలప్‌మెంట్ టీములో ఉన్న ట్రైనీ దగ్గరికి ఎలా వస్తుందో ఊహించండి. "ఓబీఎక్స్ ఐదో గడిలో అంకె కానిది వస్తే ప్రోగ్రాం పడిపోతోంది, సరిచేయగలరు" అన్న ఒక్క వాక్యంగా వస్తుంది. రెండు లైన్ల పని: అంకె కాకపోతే ఖాళీ పెట్టు. టెస్టులన్నీ పాస్. క్యూ ఇక ఎప్పుడూ ఆగదు. కానీ ఇప్పుడు ఖాళీ విలువతో కొత్త వరుస ఒకటి చేరింది, పాత 6.8 దాని పైన భద్రంగా ఉంది. ఇదివరకు తప్పు కనీసం గోల చేసేది, ఇప్పుడు నోరు మూసుకుంది. సరైన పని వేరు. ఓబీఆర్ మూడో గడిలో ల్యాబ్ ఇచ్చిన ఆర్డరు నంబరు, ఓబీఎక్స్ మూడో గడిలోని కోడ్, నాలుగో గడిలోని ఉపసంఖ్య కలిపి పాత వరుసని పట్టుకోవాలి. దాన్ని చెరిపేయకుండా, రద్దయిందని గుర్తు పెట్టాలి. ఎందుకంటే గంట క్రితం డాక్టరు ఏం చూసి నిర్ణయం తీసుకున్నాడో రేపు తెలియాలి. కొత్త మాటని అదే చోట చూపించాలి. పాత విలువని ఎవరైనా ఇప్పటికే తెరిచి చూసి ఉంటే వాళ్లకి కబురు పెట్టాలి. ఇంత ఆలోచన టికెట్‌లోని ఆ ఒక్క వాక్యంలోంచి పుట్టదు. క్యూ ఆగినప్పుడు ఫోన్ ఎత్తినవాడికి, ఫిజియాలజీ క్లాసులో హీమోలిసిస్ విన్నవాడికి, డేటాబేస్ క్లాసులో వరుసని గుర్తుపట్టే కీ అంటే ఏమిటో చదివినవాడికి పుడుతుంది. ఆ ముగ్గురూ ఒక్కరే కావడం కోసమే కదా ఈ రెండు పడవల ప్రయాణం.

కొత్త ప్రమాణాలు వచ్చాక ఈ పాత గోలంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఫైర్ అనే కొత్త ప్రమాణం నాలుగో విడుదల 2018 చివర్లో వచ్చింది. వెబ్ తెలిసినవాళ్లకి అది చేతికి సులువు. కానీ ఫైర్‌లో కూడా పరీక్ష ఫలితానికి స్థితి అనే గడి ఉంది, అందులోనూ తుది, సరిదిద్దిన, పొరపాటున నమోదైన అనే తేడాలున్నాయి. విలువ అంకెగానూ రావచ్చు, అక్షరాలుగానూ రావచ్చు, విలువే లేకుండా దానికి కారణం మాత్రమే రావచ్చు. వేషం మారింది, పొటాషియం మారలేదు.

సపోర్ట్ అంటే ట్రైనీలని చౌక కూలీలుగా వాడుకోవడమే అన్న ఆరోపణలో నిజం లేకపోలేదు. పాస్‌వర్డ్‌లు మార్చడం, ప్రింటర్ కాగితం ఇరుక్కుంటే తీయడం, కొత్త కంప్యూటర్లకి సాఫ్ట్‌వేర్ ఎక్కించడం కూడా సపోర్టే. అందులో మూడు నెలలు కూర్చోబెడితే అది ట్రైనింగ్ కాదు, ఖాళీ పోస్టు నింపుకోవడం. అందుకే నేను ఇంటర్‌ఫేస్ సపోర్ట్ అని నొక్కి చెబుతున్నాను. తేడా పట్టుకోవడం తేలికే: మీకు మెసేజ్ లాగ్‌లు, అంటే ఏ మెసేజ్ ఎప్పుడు వెళ్లిందో రాసుండే ఫైళ్లు, చదివే అనుమతి ఇచ్చారా లేదా? ఇవ్వకపోతే మీరు ఉన్నది వేరే సపోర్ట్‌లో. పది పన్నెండు వారాలు చాలు. నాలుగో నెల కూడా అక్కడే ఉంచితే గట్టిగా అడగండి.

ఆ పది వారాల్లో ఏం చేయాలి? మొదటి వారం ఏ సిస్టం నుంచి ఏ సిస్టంకు ఏ మెసేజ్ వెళ్తుందో కాగితం మీద బొమ్మ గీయండి. కంపెనీ దగ్గర బొమ్మ ఉండే ఉంటుంది, కానీ అది పాతబడి ఉంటుంది. మీరు గీసినదానికీ దానికీ తేడా వచ్చిన చోటే మీ మొదటి పాఠం. రెండు, మూడు వారాలు క్యూ మానిటర్ చూసే సీనియర్ పక్కన కూర్చుని ఆయన దేన్ని పట్టించుకోడో గమనించండి. ఎర్ర గుర్తు వచ్చినా కదలకపోతే ఎందుకో అడగండి. "అది రోజూ వస్తుందిలే" అన్న జవాబు వచ్చిందంటే అక్కడ ఏదో దాగుంది. నాలుగో వారం నుంచి ప్రతి టికెట్‌కీ ఒక నోటుబుక్కులో ఐదు గళ్లు నింపండి: ఫోన్ చేసినవాళ్లు ఏమన్నారు, మెసేజ్‌లో ఏముంది, డేటాబేస్‌లో ఏం చేరింది, ఏ మెట్టు దగ్గర దారి తప్పింది, దీనివల్ల ఎవరికి ఏ హాని జరగగలదు. ఐదో గడి కష్టం. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. క్లాసులో రిస్క్ మేనేజ్‌మెంట్ ప్రమాణం ఐఎస్‌ఓ 14971 చెప్పే రోజున ఆ ఐదో గడే మీకు పాఠం చెబుతుంది. రోగి పేరు, నంబరు, పుట్టినతేదీ మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా ఉండకూడదు.

యూనిట్ల సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతాను. గ్లూకోజ్‌ని డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఒక ల్యాబ్, లీటరుకు మిల్లీమోళ్లలో ఇంకో ల్యాబ్ పంపుతాయి. మొదటిదాన్ని 18తో భాగిస్తే రెండోది వస్తుంది. క్రియాటినిన్‌కు మిల్లీగ్రాముల నుంచి మైక్రోమోళ్లకు మారాలంటే 88.4తో గుణించాలి. సూత్రం ఎవరైనా రాస్తారు. ఓబీఎక్స్ ఆరో గడి, అంటే యూనిట్ గడి, ఖాళీగా వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. విలువని చూసి యూనిట్‌ని ఊహించే కోడ్ ఎవరైనా రాస్తే, అది ఎంత తెలివిగా ఉన్నా, తీసేయించండి. తెలియని యూనిట్‌తో వచ్చిన ఫలితాన్ని ఆపి మనిషికి చూపించాలి, అంతే.

స్కాన్ బొమ్మల వైపు వేసినవాళ్లకి డైకామ్ అనే బొమ్మల ప్రమాణం తగులుతుంది. అక్కడ ట్రైనీ చూడాల్సిన తప్పు వర్క్‌లిస్ట్, అంటే స్కాన్ చేయాల్సిన రోగుల జాబితా, పడిపోయినప్పుడు జరిగేది. మామూలుగా సీటీ యంత్రం రోగి పేరూ నంబరూ వర్క్‌లిస్ట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్‌వర్క్ ఆగితే టెక్నీషియన్ చేత్తో టైప్ చేస్తాడు, ఎందుకంటే స్కాన్ ఆగదు. ఒక్క అంకె అటూ ఇటూ అయితే బొమ్మలు నిల్వలో చేరతాయి కానీ ఎవరికీ చెందవు. ఇంకా ఘోరం, వేరొకరికి చెందుతాయి. ఇలా అనాథలైన బొమ్మలని రోజూ వెతికి కలిపే పని ఎవరిదో కనుక్కుని ఆయన దగ్గర రెండు రోజులు కూర్చోండి. డైకామ్ పుస్తకం అప్పుడు తెరిస్తే తలకెక్కుతుంది.

కంపెనీలో చూసింది క్లాసుని ఎలా మారుస్తుందో చెప్పాను. క్లాసులో నేర్చింది కంపెనీలో ఎక్కడ పనికొస్తుందంటే, నా లెక్కలో అన్నిటికన్నా ముందు స్టాటిస్టిక్స్. ట్రైనీలు ఎక్కువగా తప్పించుకునే పేపర్ కూడా అదే. సేల్స్ వాళ్లు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) హెచ్చరిక సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నారనుకోండి. "రోగం ఉన్నవాళ్లలో 80 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 90 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది" అంటారు. గదిలో అందరూ తలలూపుతారు. మీరు కాగితం తీయండి. వార్డుల్లో వెయ్యి మంది, వాళ్లలో నూటికి ఇద్దరికి సెప్సిస్ అనుకుందాం. అంటే 20 మంది. 80 శాతం చొప్పున 16 మంది దొరుకుతారు. సెప్సిస్ లేనివాళ్లు 980; వాళ్లలో పది శాతం, అంటే 98 మందికి తప్పుడు గంట మోగుతుంది. మొత్తం 114 గంటలు, నిజమైనవి 16. ఏడు సార్లు మోగితే ఒక్కసారి నిజం. నర్సు మూడో రోజు నుంచి ఆ గంటని చూడకుండానే మూసేస్తుంది, అందులో ఆమె తప్పేమీ లేదు.

ఇది ఊహ కాదు. మందుల ఆర్డర్ల మీద వచ్చే భద్రతా హెచ్చరికలని డాక్టర్లు ఎంతవరకు కొట్టిపారేస్తున్నారో పరిశీలించిన 2006 నాటి సమీక్ష ఒకటి, ఆ వాటా 49 నుంచి 96 శాతం దాకా ఉందని తేల్చింది. అల్గారిదం చెడ్డది కానక్కర్లేదు. అరుదైన రోగాన్ని వెతుకుతుంటే లెక్కే అలా వస్తుంది. ఈ గుణకారం చేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మీటింగులో ట్రైనీ ఈ ప్రశ్న అడిగితే వాతావరణం కాస్త చల్లబడుతుందేమో కానీ, మీ పేరు గుర్తుంటుంది.

ఇక రోజుల పంపకం. వారానికి మూడు రోజులు క్లాసు, రెండు రోజులు కంపెనీ అనే పద్ధతి కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో సోమవారం వచ్చిన టికెట్ గురువారానికి ముగిసిపోతుంది, మీరు మంగళవారమే వెళ్లిపోయారు. ప్రతి కథలోనూ ఒక ముక్కే చూస్తారు. మూడు నెలల విడత ఉంటే ఒక ఇంటర్‌ఫేస్ పుట్టి, పరీక్షలకు నిలిచి, ఆసుపత్రిలో నడవడం మొదలుపెట్టేదాకా చూడొచ్చు. ఆరు వారాల విడత మాత్రం దండగ. అనుమతులూ, రహస్యపత్రాల సంతకాలూ, లాగిన్‌లూ అయ్యేసరికే రెండు వారాలు పోతాయి. ఎంచుకునే వీలుంటే పది వారాలకు తక్కువైన విడతలు ఉన్న కంపెనీని వదిలేయమంటాను.

ఒప్పందం మీద సంతకం చేసేముందు నాలుగు విషయాలు రాతలో అడగండి. పరీక్షల వారాల్లో కంపెనీ పని ఉంటుందా? చదువు అయ్యాక ఎన్నేళ్లు అక్కడే ఉండాలి, మధ్యలో వెళ్తే ఏం కట్టాలి? మీకు చెప్పేవాడు ఎవరు, ఆయన వారానికి ఎంత సమయం ఇస్తాడు? థీసిస్ ప్రచురించే హక్కు ఎవరిది? నాలుగోది ఎవరూ అడగరు, చివరికి తల పట్టుకునేది దానితోనే. కంపెనీ గోప్యమంటే మీ థీసిస్ బీరువాలోకి పోతుంది, తర్వాతి చదువుకో ఉద్యోగానికో చూపించలేరు. ఇన్ని నెలల తర్వాత బయటపెట్టవచ్చు అన్న గడువు ముందే రాయించుకుంటే గొడవ ఉండదు.

థీసిస్ గురించి ఇంకో మాట. రాయడానికి ఇచ్చేది సుమారు మూడు నెలలు. రోగుల డేటా వాడాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, డేటా రక్షణ అధికారి అనుమతి, ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య ఒప్పందం కావాలి. వీటికి అంతకన్నా ఎక్కువ కాలమే పట్టవచ్చు. కాబట్టి అంశం ఎంచుకోవాల్సింది చివరి సెమిస్టర్‌లో కాదు, అంతకు ముందుదాని మొదట్లో. అనుమతి రాకపోతే ఏం చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి: కల్పిత రోగుల డేటాతో చేయగలిగే రూపం ఒకటి జేబులో ఉండాలి.

డేటా గోప్యత అనగానే ట్రైనీలు చట్టం సెక్షన్లు బట్టీపడతారు. దొరికిపోయేది మాత్రం స్క్రీన్‌షాట్‌లో. టికెట్‌కి జతచేసిన బొమ్మలో తప్పు చూపిస్తూ బాణం గుర్తు, దాని పక్కనే రోగి పూర్తి పేరు. ఆ టికెట్ వేరే కంపెనీ సర్వర్‌కి పోతుంది, ఇరవై మంది చూస్తారు. పేరు చెరిపేస్తే చాలనుకోవడం రెండో పొరపాటు. అమెరికా జనాభాలో 87 శాతం మందిని పుట్టినతేదీ, లింగం, ఐదంకెల పిన్‌కోడ్ ఈ మూడింటితోనే విడిగా గుర్తించవచ్చని పరిశోధకురాలు లటాన్యా స్వీనీ అంచనా వేసి చూపించి పాతికేళ్లయింది. పరిశోధనకు డేటా ఇచ్చేటప్పుడు తేదీలన్నిటినీ ఒక రోగికి ఒకే సంఖ్యలో రోజులు జరపాలి. తేదీకో సంఖ్య చొప్పున జరిపితే ఆపరేషన్ తర్వాత జరిగిన డిశ్చార్జి ముందుకొచ్చి కూర్చుంటుంది. అల్ట్రాసౌండ్ బొమ్మల్లో పేరు డైకామ్ గళ్లలోనే కాదు, బొమ్మ పిక్సెల్స్‌లో కూడా అచ్చయి ఉంటుంది. గళ్లు శుభ్రం చేసి ఫైలు పంపేసినవాళ్లకి ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

డెవలప్‌మెంట్ వద్దనడం లేదు, రెండో విడతలో రావాలంటున్నాను. వచ్చినప్పుడు కూడా వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ అయితే మొదట ఇచ్చేది కాగితాల పనే: ఏ అవసరానికి ఏ ప్రమాదం, ఏ ప్రమాదానికి ఏ జాగ్రత్త, ఏ జాగ్రత్తకు ఏ టెస్టు అని వరుస కలపడం. ఐఈసీ 62304 అనే ప్రమాణం సాఫ్ట్‌వేర్‌ని హానిని బట్టి ఏ, బీ, సీ తరగతులుగా విడదీస్తుంది. సీ తరగతి అంటే చావుకో తీవ్ర గాయానికో దారితీయగలది. దానికి కాగితాలు అన్నిటికన్నా ఎక్కువ. విసుగు పుట్టించే పనే. థెరాక్-25 గురించి చదివితే ఆ విసుగు కాస్త తగ్గుతుంది. 1985 నుంచి 1987 వరకు ఆ రేడియేషన్ యంత్రం ఆరుసార్లు రోగులకు విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. ఒక లోపం ఆపరేటర్ స్క్రీన్ మీద సెట్టింగులని వేగంగా మార్చినప్పుడే బయటపడేది. కొత్తలో నెమ్మదిగా టైప్ చేసేవాళ్ల దగ్గర అంతా సవ్యంగానే కనిపించేది, చేయి తిరిగినవాళ్ల దగ్గరే యంత్రం దారి తప్పేది. ఇంకో లోపంలో ఒక బైట్ లెక్క 256కి చేరగానే తిరిగి సున్నా అయి, ఆ క్షణంలో ఒక భద్రతా తనిఖీ జరగకుండా పోయేది. పాత మోడల్‌లో ఇలాంటివాటిని అడ్డుకునే విడి పరికరాలు ఉండేవి; కొత్తదాంట్లో సాఫ్ట్‌వేర్ ఉందిగా అని తీసేశారు. ఈ కేసు చాలా సిలబస్‌లలో ఉంటుంది, పరీక్ష రాసి మరిచిపోతారు. ఇంటర్‌ఫేస్ సపోర్ట్‌లో కూర్చుని వచ్చినవాడు మాత్రం మరిచిపోడు, ఎందుకంటే చేయి తిరిగిన నర్సు ఎంత వేగంగా స్క్రీన్‌లు దాటుతుందో వాడు చూసుంటాడు.

కంపెనీ మిమ్మల్ని ఇంటర్‌ఫేస్ దగ్గరికి రానివ్వకపోతే ఇంట్లోనే ఓ చిన్న ఆసుపత్రి పెట్టుకోండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. సింథియా అనే ఉచిత ప్రోగ్రాంతో వంద మంది కల్పిత రోగులని పుట్టించండి. ఫైర్ ప్రమాణంతో నడిచే హాపీ ఫైర్ అనే సర్వర్‌లో వాళ్లని ఎక్కించండి. బొమ్మలకి ఆర్థాంక్ అనే ఉచిత డైకామ్ సర్వర్ ఉంది. నిజమైన ఐసీయూ డేటా ఎలా ఉంటుందో చూడాలంటే మిమిక్-4 డెమో తీసుకోండి, పేర్లు తీసేసిన వంద మంది రోగుల డేటా అందరికీ తెరిచే ఉంది. పూర్తి డేటాకి మాత్రం కోర్సు పూర్తిచేసి ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ల్యాబ్ మెసేజ్‌లు తీసుకునే చిన్న ప్రోగ్రాం మీరే రాయండి. టీసీపీ నెట్‌వర్క్ కనెక్షన్ మీద వచ్చే ప్రతి మెసేజ్ ముందు పదహారు ఆధారంగా 0బి అనే బైట్, చివర 1సి, 0డి అనే రెండు బైట్లు ఉంటాయి. మొదట తడబడేది ఇక్కడే, ఎందుకంటే ఒక మెసేజ్ రెండు ముక్కలుగా రావచ్చు, రెండు మెసేజ్‌లు ఒకేసారి అతుక్కుని రావచ్చు. ఒకసారి చదివితే ఒక మెసేజ్ వస్తుందని రాసిన కోడ్ మీ టేబుల్ మీద నడుస్తుంది, ఆసుపత్రిలో నడవదు.

నడిచిందని తేలాక దాన్ని కావాలని చెడగొట్టండి. మొదట ఒకే మెసేజ్‌ని, దాని మొదటి లైను ఎంఎస్‌హెచ్ పదో గడిలో అదే నంబరుతో రెండుసార్లు పంపండి, వరుసలు రెండయ్యాయా చూడండి. తర్వాత రోగి పేరులో ఇంగ్లీషు కాని అక్షరాలు పెట్టి, ఎంఎస్‌హెచ్ పద్దెనిమిదో గడిలో ఏ అక్షరక్రమమో చెప్పకుండా పంపండి. మూడోసారి ఏ40 మెసేజ్‌తో ఇద్దరు రోగులని ఒకరిగా కలపండి. కలిసిపోయిన పాత నంబరుతో ఆ తర్వాత ఫలితం ఒకటి పంపి, అది ఎవరి పేరు కింద చేరిందో వెతకండి. నాలుగోసారి 0.01 కన్నా తక్కువ అన్న అర్థంలో విలువ ముందు గుర్తు పెట్టి పంపండి. ఐదోది ఇందాకటి పొటాషియం: ముందు 'ఎఫ్'తో 6.8, ఆ వెనకే 'సి'తో "హీమోలైజ్ అయింది". ఏ ఎర్రర్ రాలేదనుకోండి. లాగ్ ఫైలు మూసేసి, డేటాబేస్ టేబుల్ తెరిచి, 6.8 ఇంకా అక్కడే ఉందేమో చూడండి.